ఫ్లోట్ల మీద జీరో: నాకజిమా 'రూఫ్' స్కేల్ మోడల్ తయారీపై తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన నాకజిమా ఏ6ఎం2-ఎన్ విమానానికి మిత్రరాజ్యాలు పెట్టిన పేరు రూఫ్. జీరో అనే జపాన్ యుద్ధ విమానానికి చక్రాల బదులు ఫ్లోట్లు, అంటే నీటి మీద తేల్చే పడవలాంటి డొల్లలు, పెట్టి చేసిందిది. చక్రాల విమానాలు రెండు మూడు కట్టి, ఇక నీటి విమానం ఒకటి చేద్దాం అనుకునేవాళ్ల కన్ను తరచూ దీని మీద పడుతుంది. అలాంటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. కొన్ని చరిత్ర, కొన్ని చేతిపని, కొన్ని నా అభిప్రాయాలు మాత్రమే. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ మోడల్ విషయంలో జనం రంగుల గురించి కొట్టుకుంటారు గానీ పని చెడేది ఫ్లోటు దగ్గర. అందుకే ఆ జవాబు మిగతావాటికన్నా పొడుగ్గా ఉంటుంది.

జీరో విమానానికి ఫ్లోట్లు తగిలిస్తే ఇదేనా, వేరే విమానమా?

చాలావరకు జీరోయే. మిత్సుబిషి రూపొందించిన జీరో మోడల్ 11ని తీసుకుని నాకజిమా కంపెనీ మార్చింది. చక్రాలు తీసేసి, వాటి గుంతలు మూసేసి, పొట్ట కింద ఒక పెద్ద ఫ్లోటు, రెక్కల కింద చెరొక చిన్న ఫ్లోటు పెట్టారు. అంత పెద్ద ఫ్లోటు ముందుకు పొడుచుకొచ్చాక విమానం నిలకడగా ఎగరాలి కదా, అందుకని తోక కింద అదనంగా ఒక ఫిన్ (నిలువు రెక్క) కలిపి, విమానాన్ని పక్కలకు తిప్పే రడ్డర్‌ను కిందికి పెంచారు. జీరో పొట్ట కింద వేలాడే పెట్రోలు ట్యాంకుకు ఇక చోటు లేదు కాబట్టి ఆ అదనపు పెట్రోలు ఫ్లోటు లోపలికే పోయింది.

ఇంజిన్ సకాయే అనే 14 సిలిండర్లది. ఆయుధాలు కూడా జీరోవే: 7.7 మి.మీ. మెషిన్ గన్నులు రెండు, 20 మి.మీ. ఫిరంగులు రెండు. మొదటి నమూనా 1941 డిసెంబర్ 8న ఎగిరింది. జపాన్ గడియారం ప్రకారం పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది కూడా ఆ రోజే. 1943 సెప్టెంబర్‌లో ఉత్పత్తి ఆపేసేనాటికి 327 తయారయ్యాయి. గరిష్ఠ వేగం గంటకు సుమారు 435 కిలోమీటర్లు, అంటే చక్రాల జీరో కన్నా దాదాపు వంద తక్కువ.

అంత వేగం తగ్గుతుందని తెలిసీ ఎందుకు చేశారు?

పసిఫిక్‌లో జపాన్ ఆక్రమించిన చిన్న చిన్న దీవుల్లో రన్‌వేలు లేవు. రన్‌వే వేయాలంటే నెలలు పడుతుంది. తీరంలో కాస్త ప్రశాంతమైన నీళ్లుంటే చాలు, ఫ్లోటు విమానం ఆ రోజే పని మొదలుపెట్టగలదు. ఈ పని కోసం అసలు కొత్త విమానం తయారుచేయమని కవనిషి కంపెనీకి 1940లోనే చెప్పారు. అదే తర్వాత వచ్చిన క్యోఫూ. అది ఆలస్యమవుతుందని తేలడంతో, ఈలోపు గడవడానికి జీరోను మార్చి ఇవ్వమని నాకజిమాను అడిగారు. తమాషా ఏమిటంటే అసలు విమానం క్యోఫూ 97 దగ్గర ఆగిపోయింది. ఈలోపు గడవడానికని చేసిందే మూడు వందలు దాటింది.

ఇవి ఎక్కడెక్కడ పనిచేశాయి? మోడల్‌కు ఏ చోటు ఎంచుకుంటే బాగుంటుంది?

ముఖ్యంగా మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది సొలొమన్ దీవుల్లో తులాగి ప్రాంతం. యొకొహామా ఎయిర్ గ్రూపు రూఫ్‌లు అక్కడ ఉండేవి. 1942 ఆగస్టు 7న అమెరికా దళాలు దిగిన రోజునే వాస్ప్ విమానవాహక నౌక నుంచి వచ్చిన వైల్డ్‌క్యాట్ విమానాలు వాటిని నీటి మీద ఉండగానే తగలబెట్టాయి. రెండోది అదే సొలొమన్ దీవుల్లోని షార్ట్‌లాండ్. ఆ నెలాఖరున రియర్ అడ్మిరల్ జోజిమా కింద నీటి విమానాల దళం ఒకటి ఏర్పడింది. కమికావా మారు లాంటి నౌకల రూఫ్‌లు అక్కడి నుంచి గ్వాడల్‌కెనాల్ దీవి వైపు వెళ్లే ఓడలకు కాపలా కాసేవి.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అలాస్కా పక్కన అల్యూషియన్ దీవుల్లోని కిస్కా. 1942 జూన్‌లో జపాన్ దాన్ని ఆక్రమించింది, జులైలో రూఫ్‌లు వచ్చాయి. అక్కడ పొగమంచు, తుపాను గాలి, అలలు. శత్రువు కూల్చినవాటి కన్నా వాతావరణం పాడుచేసినవే ఎక్కువ. 1943 జులై చివర్లో జపాన్ సైనికులు మంచు చాటున అమెరికన్ల కళ్లుగప్పి దీవి ఖాళీ చేసి వెళ్లిపోయారు. కిస్కా విమానం అనుకుంటే మీరు వేసే ప్రతి మరకకూ ఒక కారణం దొరుకుతుంది.

1942లో విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేసింది ఇవేనా?

కాదు. 1942 ఏప్రిల్ 6న ఆ రెండు ఊళ్ల మీదికి వచ్చినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన, చక్రాలున్న బాంబర్లు. అప్పటికి రూఫ్ ఇంకా యుద్ధంలోకి దిగలేదు. విశాఖ దాడి కథతో మోడల్ చేయాలనుకుంటే నాకజిమా బి5ఎన్ కిట్టు (మోడల్ విడిభాగాల పెట్టె) చూడండి. అదీ అదే కంపెనీ విమానమే.

ఏ స్కేలు మంచిది?

మొదటి ఫ్లోటు విమానమైతే 1/48, అంటే అసలు దానిలో 48వ వంతు. అసలు విమానం రెక్కల వెడల్పు 12 మీటర్లు, అంటే ఈ స్కేలులో 25 సెంటీమీటర్లు. మామూలు పుస్తకాల అరలో పడుతుంది. 1/72లో అదే 17 సెంటీమీటర్ల లోపు. చోటు కలిసొస్తుంది గానీ వెనక సన్న కడ్డీలు మరీ సన్నగా ఉండి, అతికించేటప్పుడు వేళ్లే అడ్డొస్తాయి.

ఏ కంపెనీ కిట్టు కొనాలి?

1/48లో మూడు పేర్లు వినిపిస్తాయి. టమియా కిట్టు 1970ల నాటిది. భాగాలు తక్కువ, ఒకదానికొకటి చక్కగా కూర్చుంటాయి, కాక్‌పిట్ మాత్రం బోసిగా ఉంటుంది. హాసెగావా దాని తర్వాతి తరం, ప్యానెల్ గీతలు నాజూకుగా ఉంటాయి. చెక్ కంపెనీ ఎడువార్డ్‌ది అన్నిటికన్నా కొత్తది, రివెట్లతో సహా కనిపిస్తుంది. పనీ అంతే ఎక్కువ.

నన్నడిగితే మొదటిసారి టమియా. ఫ్లోటు నిలబెట్టడం నేర్చుకోవాల్సిన చోట కాక్‌పిట్‌లో నలభై మీటల దగ్గర ఓపిక అయిపోకూడదు. చేయి తిరిగినవాళ్లు నేరుగా ఎడువార్డ్‌కు వెళ్లొచ్చు.

ఇంట్లో మామూలు జీరో కిట్టు ఉంది. దాన్నే మార్చుకోవచ్చా?

ఫ్లోట్లు వేరే కిట్టు నుంచి దొరికితే చేయొచ్చు గానీ, అనుకున్నంత తేలిక కాదు. విమానవాహక నౌకల మీద వాడిన మోడల్ 21 జీరోకు రెక్కల చివరలు మడుచుకుంటాయి, తోక కింద కొక్కెం ఉంటుంది. రూఫ్‌కు ఆ రెండూ లేవు. కాబట్టి మడత గీతలు పుట్టీతో పూడ్చాలి, కొక్కెం గాడి మూసేయాలి, చక్రాల గుంతలు ప్లాస్టిక్ షీటుతో కప్పి రెక్క వంపుకు తగ్గట్టు అరగదీయాలి, తోక కింది ఫిన్ సొంతంగా చెక్కుకోవాలి. ఇన్ని చేశాక మిగిలే డబ్బు పుట్టీకే సరిపోతుంది.

జిగురు ఏది వాడాలి? ఫెవిక్విక్ చాలదా?

ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ అతకాలంటే మోడల్ సిమెంటే వాడండి. అది పాలీస్టైరీన్‌ను కాస్త కరిగించి రెండు భాగాలనూ ఒకటి చేస్తుంది. ఫెవికాల్ అసలు పట్టదు. ఫెవిక్విక్ పట్టేస్తుంది, అదే దానితో చిక్కు: ఒకసారి పట్టాక వంకర సరిదిద్దుకునే టైమ్ ఇవ్వదు, పక్క నుంచి దెబ్బ తగిలితే టప్పున విడిపోతుంది. లోహపు భాగాలు, సూది ముక్కలు అతికించడానికి మాత్రం అదే సరైనది. మోడల్ కిటికీ అద్దాల దగ్గరికి దాన్ని రానివ్వకండి, ఆవిరికి అద్దం తెల్లబడిపోతుంది.

ఫ్లోటు పనికి బ్రష్ ఉన్న సీసాలో వచ్చే చిక్కటి, నెమ్మదిగా ఆరే సిమెంటు తెచ్చుకోండి. నీళ్లలా పారే పల్చటి రకం రెక్కల అతుకులకు బాగుంటుంది.

కిట్టు కాగితంలో చెప్పిన వరుసలోనే కట్టాలా?

కాక్‌పిట్ నుంచి రెక్కలు తగిలించేదాకా అవును. అక్కడి నుంచి మీ బుర్ర వాడండి. సన్నటి భాగాలు, అంటే యాంటెన్నా స్తంభం, పీటో గొట్టం (గాలి వేగం కొలిచేది), ప్రొపెల్లర్ లాంటివి, అతికించమని చెప్పినా పక్కన పెట్టేయండి. మోడల్‌ను తలకిందులుగా తిప్పి ఫ్లోటు పెట్టేటప్పుడు మొదట విరిగేవి అవే.

కాక్‌పిట్ ఎంత వరకు చేయాలి?

మీ కనోపీ (పైలట్ మీది అద్దాల మూత) తెరిచి పెడతారా, మూసి పెడతారా అన్నదాన్ని బట్టి. మూసేట్టయితే సీటు, బెల్టులు, మీటల పలక చాలు. జీరో కనోపీకి చట్రాలు బోలెడు, లోపల కనిపించేది అంతంత మాత్రమే. రంగు నాకజిమా వాళ్ల పసుపు చాయ కలిసిన ఆకుపచ్చ. టమియా ఎక్స్‌ఎఫ్-71 నంబరు రంగు వేస్తే ఎవరూ వంక పెట్టరు. చక్రాల గుంతలు లేవు కాబట్టి జీరో కట్టేవాళ్లు అక్కడ పడే తిప్పలు మీకు తప్పాయి. ఆ మిగిలిన ఓపికంతా కింది జవాబుకు దాచుకోండి.

ఫ్లోటు వంకర రాకుండా పెట్టడం ఎలా?

ముందు దాని కట్టుబడి అర్థం చేసుకోవాలి. పెద్ద ఫ్లోటును పైన విమానంతో కలిపేది ముందుకు వాలి ఉన్న ఒక వెడల్పాటి కాలు. దాని వెనక వి ఆకారంలో సన్న కడ్డీలు. బరువంతా ముందు కాలిదే, వెనక కడ్డీలు ఫ్లోటును కదలకుండా పట్టుకోవడానికి. మోడల్‌లోనూ అంతే. ముందు కాలు సరిగా ఆరకముందే కడ్డీలు అతికిస్తే, అవి ఫ్లోటును ఒక పక్కకు లాగేస్తాయి. ఆ తర్వాత మీ తాతలు దిగొచ్చినా సరికాదు.

మొదట రెక్కలు పూర్తిగా అతికి ఆరాలి. మోడల్‌ను బల్ల మీద పెట్టి రెండు రెక్కల చివరలూ బల్లకు ఎంత ఎత్తున ఉన్నాయో స్కేలుతో కొలవండి. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఫ్లోటు ఎంత నిటారుగా పెట్టినా విమానం ఒరిగినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు మోడల్‌ను తలకిందులు చేసి కూర్చోబెట్టాలి. ప్యాకింగ్‌లో వచ్చే థర్మకోల్ దిమ్మను విమానం వీపు ఆకారంలో కోస్తే మంచి పీట అవుతుంది. కానీ థర్మకోల్ కూడా పాలీస్టైరీనే. సిమెంటు చుక్క పడిందంటే అది కరిగి మోడల్‌కు అంటుకుంటుంది. మీద పాత బనియన్ గుడ్డ పరిచి అప్పుడు పెట్టండి.

జిగురు లేకుండా ముందు కాలును దాని గాడిలో పెట్టి చూడండి. వదులుగా ఊగుతుంటే సన్న ప్లాస్టిక్ పట్టీ ఒకటి దూర్చండి. బిగుతుగా ఉంటే గాడిలో పడ్డ రంగు గీకండి. మామూలుగా అడ్డం పడేది ఆ రంగే. తర్వాత ప్రొపెల్లర్ గొట్టం నుంచి తోక చివరిదాకా ఒక నల్ల దారం టేపుతో బిగించి లాగండి. ఇదే మీ మూలరేఖ. ఇప్పుడు చిక్కటి సిమెంటు రాసి ఫ్లోటు పెట్టి, మోడల్ కళ్ల ఎత్తున ఉండేట్టు కూర్చుని, ఒక కన్ను మూసి ఎదురుగా చూడండి. తోక ఫిన్, దారం, ఫ్లోటు అడుగున మధ్యలో ఉండే అంచు, మూడూ ఒకే గీత మీద ఉండాలి. తర్వాత నేరుగా పైనుంచి చూడండి: ఫ్లోటు ముక్కు దారానికి ఎడమకో కుడికో తిరిగిందేమో తెలిసిపోతుంది. ఎదురు నుంచి నిటారుగా ఉండి, పైనుంచి చూస్తే వంకరగా ఉండటం చాలా మామూలు. రెండూ చూడాలి.

పక్క నుంచి చూసేది మూడో కొలత. ఫ్లోటు ముక్కు ఎంత ఎత్తుకు లేచి ఉండాలో కిట్టు కాగితంలోని పక్క బొమ్మ చెబుతుంది. ఆ బొమ్మను మోడల్ సైజుకు ఫోటోకాపీ తీయించి, అట్టకు అంటించి, ఫ్లోటుకూ పొట్టకూ మధ్య ఖాళీ ఆకారాన్ని కత్తిరించుకుంటే మీ మూలమట్టం సిద్ధం. దాన్ని ఆ ఖాళీలో నిలబెట్టి, ఫ్లోటును దానికి ఆనించి, రాత్రంతా వదిలేయండి. పొద్దున అట్ట తీసి వెనక కడ్డీలు పెట్టుకోండి. అవి బలవంతం లేకుండా వాటి గుంతల్లో కూర్చుంటే పని బాగా వచ్చినట్టు. ఒక కడ్డీ పొట్టిగా అనిపిస్తే ఫ్లోటును లాగకండి, కడ్డీనే సరిచేయండి.

బలం చాలదనిపిస్తే కాలులోకి, పొట్టలోకి సన్న రంధ్రం తొలిచి గుండుసూది ముక్క దూర్చొచ్చు. మోడల్‌ను ఊరు దాటించే ఉద్దేశం ఉంటే ఇది తప్పకుండా చేయండి.

రెక్కల కింది చిన్న ఫ్లోట్లు?

ఒక్కో దానికి ఒక్కటే కాలు, కాబట్టి ఎటైనా తిరుగుతాయి. అట్టతో ఒకే కొలతలో రెండు మూలమట్టాలు కోసుకుని రెండు వైపులా ఒకేసారి పెట్టి ఆరనివ్వండి. ఒకటి ఇవాళ, ఒకటి రేపు పెడితే రెండూ ఒక్కలా రావు. రెండు ముక్కులూ పెద్ద ఫ్లోటుతో సమాంతరంగా ముందుకే చూడాలి.

ఫ్లోటు అతుకు గీత ఎంత అరగదీసినా కనిపిస్తోంది. ఏం చేయాలి?

ఫ్లోటు రెండు సగాలుగా వస్తుంది కాబట్టి అతుకు పైనా కిందా నడిమధ్యలో పడుతుంది, దాచడానికి వీల్లేదు. అతికించేటప్పుడే సిమెంటు ఎక్కువ రాసి గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్న పూసలా బయటికి ఉబకాలి. రెండు మూడు రోజులు ముట్టుకోకండి. అప్పుడు 400 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000 దాకా వెళ్లండి, నీళ్లలో తడుపుతూ. మిగిలిన సన్న గాడిలో ఫెవిక్విక్‌లో కలిపిన టాల్కం పౌడర్ పట్టించి, గంటలోపే అరగదీయండి. మరుసటి రోజుకు అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడి మాట వినదు.

ఒక జాగ్రత్త. ఫ్లోటు అడుగున మధ్య భాగంలో ఒక మెట్టు ఉంటుంది. విమానం లేచేటప్పుడు నీరు అడుగును అంటిపెట్టుకోకుండా అక్కడ తెగిపోవడానికే ఆ మెట్టు. ఎమరీ పేపర్ ఊపులో దాని అంచు గుండ్రం చేసేస్తే ఫ్లోటు ముఖం పోతుంది. ఆ చోట చిన్న చెక్క ముక్కకు పేపర్ చుట్టి వాడండి.

అసలు రంగు బూడిదా, ఆకుపచ్చా?

రెండూ. 1942లో వచ్చినవి మొత్తం ఒకే లేత రంగులో ఉండేవి: ఆకుపచ్చ, గోధుమ చాయలు కలిసిన బూడిద. తర్వాత పైభాగం ముదురు ఆకుపచ్చ, అడుగు బూడిద. ఆ మొదటి బూడిద సరిగ్గా ఏ చాయ అన్నదాని మీద జీరో అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. టమియాలో ఎక్స్‌ఎఫ్-76 బూడిదకూ ఎక్స్‌ఎఫ్-11 పైన ఆకుపచ్చకూ సరిపోతాయి. ఎండకూ ఉప్పు నీటికీ వెలిసిన విమానం కాబట్టి కాస్త తెలుపు కలిపినా తప్పులేదు. ఇంజిన్ మూత నలుపు, కానీ శుద్ధ నలుపు వేస్తే బొమ్మలా కనిపిస్తుంది, కొంచెం ముదురు బూడిద కలపండి.

చాయ తప్పిందని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర 1942 నాటి కలర్ ఫోటో ఉందేమో అడగండి.

ఇక్కడి ఎండకూ తేమకూ రంగు సరిగా రావడం లేదు. ఎందుకు?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం లాకర్ రంగులు కొడితే పైన తెల్లటి పొర కడుతుంది. ఆరుతున్న రంగు మీద గాలిలోని తేమ చేరడం వల్ల అది వస్తుంది. వాన రోజున పని ఆపేయడమే మంచిది. తప్పకపోతే ఆరడం నెమ్మది చేసే రిటార్డర్ కలిపిన థిన్నర్ వాడండి. వేసవిలో దీనికి రివర్స్: అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) మూతి దగ్గరే గడ్డకడుతుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కొట్టేసుకోండి. ఫ్యాన్ ఆపడం మరిచిపోవద్దు, దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది.

టమియా అక్రిలిక్‌ను మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పల్చన చేయొచ్చు. వయేహో కంపెనీ రంగులకు మాత్రం అది పోయకండి, విరిగిపోతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ ఏ రంగులోనూ వద్దు. అందులో ఎసిటోన్ ఉంటే ప్లాస్టిక్‌నే తినేస్తుంది. లాకర్ కొట్టేటప్పుడు కిటికీ తెరిచి, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు దుమ్ముకే.

ఎయిర్‌బ్రష్ లేకపోతే?

స్ప్రే డబ్బాతో ఒకే రంగు బూడిద విమానం హాయిగా చేయొచ్చు. రూఫ్‌ను ఎంచుకోవడానికి ఇదో మంచి కారణం.

రంగు ఫ్లోటు పెట్టకముందు వేయాలా, పెట్టాకా?

పెట్టాకే, అన్నది నా పద్ధతి. ముందే వేస్తే అతుకుల దగ్గర మళ్లీ గీకాలి, మళ్లీ పూయాలి. కాకపోతే ఫ్లోటుకూ పొట్టకూ మధ్య ఇరుకులో ఎయిర్‌బ్రష్ దూరదు, కాబట్టి అక్కడ మాత్రం ముందుగా ఒక పూత కొట్టి ఉంచుకోవచ్చు.

కనోపీ చట్రాలకు మాస్కింగ్ (రంగు పడకూడని అద్దాన్ని టేపుతో కప్పడం) చేయడం తలనొప్పిగా ఉంది.

కోసి సిద్ధంగా ఉంచిన మాస్కులు కొనుక్కోండి. ఈ కనోపీ విషయంలో ఆ డబ్బు దండగ కాదు. చట్రాల మీద మొదట కాక్‌పిట్ ఆకుపచ్చ, ఆపైన బయటి రంగు కొడితే లోపలి నుంచి చూసినప్పుడు సరైన రంగు కనిపిస్తుంది.

డికాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు) పాతబడి పసుపెక్కాయి. పారేయాలా?

ముందు జిప్ కవర్‌లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి లోపలివైపు టేపుతో అంటించండి. కొన్ని రోజుల్లో పసుపు చాలావరకు పోతుంది. వాడేముందు అక్కర్లేని ఒక డికాల్‌ను నీళ్లలో వేసి, ముక్కలవుతుందేమో పరీక్షించండి. జపాన్ గుర్తైన ఎర్రటి గుండ్రాలను డికాల్‌తో కాకుండా సర్కిల్ కట్టర్‌తో మాస్కు కోసి రంగు వేస్తే ఇంకా బాగుంటుంది. అసలు విమానం మీదా అవి పెయింట్ చేసినవే కదా.

పాతబడినట్టు కనిపించేలా ఎంతవరకు చేయాలి?

ఆపాలనిపించిన చోటికి ఒక అడుగు ముందే ఆపండి. జపాన్ విమానాలంటే రంగంతా ఊడిపోయి వెండిలా మెరవాలని చాలామంది అనుకుంటారు. యుద్ధం చివరి రోజుల ఆకుపచ్చ విమానాలకు అది కొంత నిజం. 1942 నాటి బూడిద పూత గట్టిది, అంత తేలికగా లేచేది కాదు. కాబట్టి ఇంజిన్ మూత అంచులు, పైలట్ కాలు పెట్టే రెక్క మూలం, ఫ్లోటు మీద సిబ్బంది నిలబడి పెట్రోలు పోసే చోటు, ఇంతవరకే వెండి పెన్సిల్‌తో చుక్కలు పెట్టండి.

ఆకుపచ్చ విమానమైతే ఉప్పు పద్ధతి బాగా పనికొస్తుంది. వెండి రంగు ఆరాక, ఊడినట్టు కనిపించాల్సిన చోట నీళ్లు తడిపి మెత్తటి ఉప్పు చల్లండి. ఆరాక ఆకుపచ్చ కొట్టి, వేలితో ఉప్పు రాల్చేయండి. రాళ్ల ఉప్పు వద్దు, ఈ స్కేలుకు ఆ మచ్చలు పళ్లెమంత అవుతాయి.

ఫ్లోటుకు ప్రత్యేకంగా కావలసింది నీటి గీత. ఫ్లోటు సగం ఎత్తున, ముక్కు నుంచి తోకకు, పలుచటి తెలుపు బూడిదతో ఆరిన ఉప్పు చారలు వేయండి. గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు. నీళ్లు వెనక్కి చిమ్ముతాయి కాబట్టి చారలు వెనక్కే పారాలి.

యాంటెన్నా తీగకు ఏం వాడాలి?

కిట్టులో మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి పైన, మంటకు తగలకుండా తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే బయటికి తీసి లాగండి. వెంట్రుక మందం తీగ వస్తుంది. చేయి తగిలితే తెగుతుంది, మళ్లీ లాగడమే. తెగకూడదనుకుంటే సాగే లైక్రా దారం కొనండి.

ట్రాలీ మీద పెట్టాలా, నీటి మీదా?

ట్రాలీ, అంటే విమానాన్ని నేల మీద తోసే చక్రాల బండి, తేలిక. కిట్టులో ఉంటే దాని మీద టేపుతో పెట్టి చూడండి. తోక మీద కూలబడుతుంటే ఫ్లోటు మూయకముందే ముక్కు వైపు వల సీసం గుండ్లు వేసి కదలకుండా అతికించండి. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

నీటి మీద పెట్టాలంటే ఒక చిన్న సంగతి గమనించండి. ఒకే పెద్ద ఫ్లోటు ఉన్న విమానం ఆగి ఉన్నప్పుడు సాధారణంగా కొద్దిగా ఒక పక్కకు వాలుతుంది. ఒక రెక్క ఫ్లోటు నీళ్లలో ఉంటే రెండోది నీటి మీద తేలీతేలనట్టు ఉంటుంది. రెండూ సమంగా సగానికి ముంచి పెట్టిన మోడల్స్ కనిపిస్తుంటాయి. ఎంత బాగా చేసినా అవి గాజులో ఇరుక్కున్నట్టే ఉంటాయి. నీటికి రంగు వేసిన బోర్డు మీద పారదర్శక అక్రిలిక్ జెల్ పూసి బ్రష్‌తో చిన్న అలలు లేపితే చాలు. షార్ట్‌లాండ్ అయితే ఆకుపచ్చ కలిసిన నీలం, కిస్కా అయితే సీసపు బూడిద.

అసలు విమానం ఎక్కడైనా చూడొచ్చా?

చెక్కు చెదరని రూఫ్ ఏదీ మిగల్లేదు. యుద్ధం తర్వాత ఇండో-చైనాలో ఫ్రెంచివాళ్లు ఒకదాన్ని బాగుచేసి ఎగరేశారు, అది కూలిపోయింది. కాక్‌పిట్, రెక్కల వివరాలకు జీరోలను చూడండి: వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో, టోక్యోలోని యూషూకాన్‌లో ఉన్నాయి. టెక్సస్‌లో ఉండే మనవాళ్లు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోని పసిఫిక్ యుద్ధ మ్యూజియంకు వెళ్తే క్యోఫూ కనిపిస్తుంది. వర్జీనియాలో ఉన్నవాళ్లకు డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉడ్వర్-హేజీ కేంద్రంలో, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క ఐచీ సెయిరాన్ ఉంది. జలాంతర్గామిలో మడిచి పెట్టి తీసుకెళ్లడానికి చేసిన ఫ్లోటు విమానం అది. రూఫ్ తర్వాత ఏం కట్టాలి అని అడిగేవాళ్లకు నేను చెప్పేది కూడా అదే. టమియా కిట్టు ఉంది, రెండు ఫ్లోట్లు కాబట్టి మూలమట్టం పని రెట్టింపు.

మన నౌకాదళానికి నీటి విమానాలు ఉండేవా?

ఉండేవి. స్వతంత్ర భారత నౌకాదళం తొలి విమానాలు షార్ట్ సీలాండ్ రకానివి, 1953లో కొచ్చికి వచ్చాయి. నీటి మీదా నేల మీదా దిగగలవు. యుద్ధకాలం విమానం కాదు గానీ, ఆసక్తి ఉంటే ఆ వైపు వెళ్లొచ్చు.

పూర్తయిన మోడల్‌ను హైదరాబాద్ నుంచి ఊరికి బస్సులో తీసుకెళ్లాలి. ఎలా?

మోడల్‌ను ఎప్పుడూ ఫ్లోట్ల మీద నిలబెట్టి ప్యాక్ చేయకండి. కుదుపుకు ముందు కాలు దగ్గర చీలిక వస్తుంది. రెక్కల మూలం కింద, తోక కింద స్పాంజ్ దిమ్మలు పెట్టి బరువంతా వాటి మీద పడేట్టు, ఫ్లోట్లు గాలిలో వేలాడేట్టు డబ్బాలో అమర్చండి. రెక్కల మీదుగా వెడల్పాటి గుడ్డ పట్టీ ఒకటి కట్టండి, టేపు మాత్రం రంగుకు తగలనివ్వకండి. ప్రొపెల్లర్ ఊడదీసి వేరే చిన్న డబ్బాలో పెట్టండి. డబ్బా ఒళ్లో పెట్టుకోండి, డిక్కీలో వేయనివ్వకండి, కండక్టర్ ఎంత చెప్పినా సరే.